నీళ్ళ కింది గడప

ఒడిశా రాయగడలో గోవిందరాజులు కొట్టు తెలియనివాళ్ళు తక్కువ. ఉల్లి, వెల్లుల్లి, ఎండుమిర్చి, పసుపు టోకున అమ్ముతాడు. ఆయన భార్య సూర్యావతిని ఎరిగినవాళ్ళు కూడా చాలామందే గాని, ఆవిడ నోరు విప్పి ఫలానాది కావాలని అడగ్గా విన్నవాళ్ళు మాత్రం లేరు. చీర కొనడానికి వెళితే షాపువాడు ముందు తీసిన చీరే బాగుందంటుంది. హోటలుకి వెళితే "మీరేటి తింటే అదే" అంటుంది. ఇలాంటి మనిషితో కాపురం హాయని లోకం అనుకుంటుంది. పెళ్ళయిన నాటి నుంచి ఇంట్లో ప్రతి నిర్ణయమూ తానే చేసి, ప్రతి తప్పూ తన నెత్తినే వేసుకోవడంలో ఉన్న హాయి ఏమిటో గోవిందరాజులుని అడగాలి.

అలాంటి సూర్యావతి అండమాన్‌లో, సముద్రం ఒడ్డున, ఎర్రటి ఎండలో, నలుగురూ వింటుండగా, "నేను నీళ్ళ కిందకే ఎల్తాను" అంది.

ఆ ప్రయాణం వాళ్ళ అమ్మాయి ధనశ్రీ పుణ్యం. సునాబెడ ఫ్యాక్టరీలో ఉద్యోగం చేస్తోంది. సెలవు ప్రయాణానికి కంపెనీ ఇచ్చే సదుపాయం ఉంది గదా అని అమ్మానాన్నల్ని విశాఖపట్నంలో విమానం ఎక్కించి తీసుకొచ్చింది. ఆ దీవి ఒడ్డున రెండు రకాల షికార్లున్నాయి. ఒకటి అడుగున గాజు బిగించిన పడవ. అందులో కూర్చుని కిందికి చూస్తూ తిరగడం. రెండోది నెత్తిన పెద్ద గుండు టోపీ తగిలించుకుని, దాంట్లోకి గొట్టం గుండా గాలి వస్తుంటే, సముద్రం అడుగున నడవడం.

గోవిందరాజులుకి ఆలోచించడానికి ఏమీ కనబడలేదు.

"గాజు పడవే. బట్ట తడవదు, సేపలూ కనిపిస్తాయి. ఇంకేటి కావాల?" అని అటు నడిచాడు కూడా. నడిచినవాడు భార్య మాట విని ఆగిపోయాడు. ముందు తనతో కాదనుకున్నాడు.

"ఏటన్నావు?"

"నీళ్ళ కిందకి ఎల్తానన్నాను."

"నీకు ఈతొచ్చేటి? నిన్నటికి నిన్న విమానంలో నా సెయ్యి రక్కేసేవు!"

సూర్యావతి నిలబడ్డ చోటు నుంచి కదలలేదు. ఆ కదలకపోవడం ఎక్కడి నుంచి వచ్చిందో చెప్పాలంటే నందపూర్ వైపు, కోలాబు నది ఒడ్డుకి వెళ్ళాలి. వెళ్ళాలంటే ఇప్పుడక్కడ ఒడ్డు లేదు, నది లేదు. ఆనకట్ట వెనక కొండల దాకా నిండిన నీళ్ళు మాత్రం ఉన్నాయి.

ఆ నీళ్ళ కింద మలిపుట్టు అనే ఊరు ఉంది. సూర్యావతి తండ్రి రామలింగం బొబ్బిలి వైపు నుంచి వచ్చి అక్కడ కొట్టు పెట్టాడు. ఉప్పు, కిరసనాయిలు, పొగాకు అమ్మేవాడు. కొండల మీది నుంచి దిగే పసుపు, నూనెకి ఆడే వలిసె గింజలు కొనేవాడు. వాకిలంతా పసుపు ఎండబోసేవారు. సూర్యావతి పావడా అంచు, అరికాళ్ళు, పలకా బలపం కూడా పసుపుపచ్చగా ఉండేవి. బడిలో పిల్లలు పసుపమ్మి అని పిలిచేవారు. అప్పుడు ఏడ్చేది. ఇప్పుడు ఎవరైనా ఒక్కసారి ఆ పేరుతో పిలిస్తే బాగుండునని ఉంటుంది. పిలిచేవాళ్ళు లేరు.

ఆనకట్ట కోసం ఊరు ఖాళీ చెయ్యాలన్నప్పుడు రామలింగం పెంకులు దింపించాడు, దూలాలు విప్పించాడు, తలుపులు బండికెక్కించాడు. గడప మంచి గుగ్గిలం కర్ర, దాన్నీ పెళ్ళగించబోతుంటే సూర్యావతి తల్లి అడ్డం కూర్చుంది.

"గడప పీకేస్తే ఇంక ఇల్లెక్కడిది? వరద నీళ్ళే కదా, ఎన్నాళ్ళుంటాయి? దసరా నాటికి తీసేస్తాయి. మళ్ళీ రాకపోతామేటి?"

ఆ తల్లికి తెలిసిన నీళ్ళన్నీ వచ్చి పోయేవే. కోలాబు ఏటా పొంగేది, కొట్టులో మోకాలి దాకా బురద నింపేది, దసరా నాటికి తగ్గిపోయేది. కట్టేసిన నీళ్ళ సంగతి ఆవిడకేం తెలుసు? రామలింగానికి తెలిసి ఉండాలి, కాని ఆయన కూడా గునపం కింద పెట్టేశాడు. ఆవిడ గడప కడిగి, పసుపు రాసి, కుంకుమ బొట్లు పెట్టింది. తిరిగొచ్చేసరికి సిద్ధంగా ఉండాలి గదా! కప్పు లేని, తలుపు లేని ఇంటికి మెరిసిపోయే గడప. బండి మీద నుంచి సూర్యావతి చివరిగా చూసింది దాన్నే.

దసరా వచ్చింది, నీళ్ళు పెరిగాయి. తల్లి మరి కొన్ని దసరాలు చూసి, ఆ మాట ఎత్తడం మానేసింది. తర్వాత కన్నుమూసింది.

పెళ్ళయిన కొత్తలో గోవిందరాజులు భార్యని సరదాగా కోరాపుట్ తీసుకెళ్ళి, కోలాబు జలాశయంలో పడవ ఎక్కించాడు. సూర్యావతి మలిపుట్టు ఎక్కడని పడవవాణ్ణి ఒడియాలో అడిగింది. వాడు కుర్రవాడు, ఆ పేరే వినలేదు. ఎక్కడో ఇక్కడే అన్నట్టు మొత్తం జలాశయం మీద చెయ్యి తిప్పాడు. ఆమె అంచు మీదకి వంగి చూసింది. ఆకాశం కనిపించింది, తన మొహం కనిపించింది. దాని కింద ఏమీ కనిపించలేదు. పల్లీలు ఒలుస్తున్న గోవిందరాజులు, పెళ్ళాం ఏడుస్తోందని చూసి, పడవంటే భయం కాబోలనుకుని వెంటనే వెనక్కి తిప్పించేశాడు. మంచివాడే. అడిగి ఉంటే చెప్పేది. అతను అడగలేదు, ఈవిడ చెప్పలేదు. అప్పటి నుంచీ ప్రతి శుక్రవారం రాయగడలో గడపకి పసుపు రాస్తూ, ఆ గడప ఎలా ఉందో, ఉందో లేదో అనుకోవడమే ఆవిడకి మిగిలింది.

కాబట్టి ఆ రోజు ఒడ్డున భర్త ఒకటికి రెండుసార్లు అడిగేసరికి, ఎప్పుడూ చెప్పనిది చెప్పేసింది.

"పైనుంచి సూసేనండీ. కోలాబులో సూసేను కాదా, ఏటి కనిపించింది? నీళ్ళ కిందున్నది ఎలాగుంటాదో, ఒక్కసారి నా కళ్ళతో సూడాలని ఉన్నాది. మా గడప అక్కడే వొదిలేసి వచ్చేం."

గోవిందరాజులుకి ఆ పడవలో పల్లీలు ఒలిచిన సంగతి గుర్తొచ్చింది కాబోలు, అరచేతులు చూసుకున్నాడు.

టోపీలు తగిలించే దాలయ్య ఈ మాటలన్నీ విన్నాడు. వాళ్ళ తాతల నాడే శ్రీకాకుళం తీరం నుంచి ఆ దీవులకి వలస వెళ్ళారట. "బయపడకు పిన్నమ్మా, తల తడవదు. బొట్టు కూడా సెరగదు. సెయ్యి పట్టుకుని నేనే దింపుతాను" అన్నాడు. ధనశ్రీ తన చుడీదారు తల్లికి తొడిగింది. పుట్టి బుద్ధెరిగాక చీర తప్ప కట్టని మనిషి ఆ వేషంలో బయటికొస్తే, ఇంకో రోజయితే గోవిందరాజులు నెల రోజులు నవ్వేవాడు. ఇప్పుడు నవ్వలేదు. "జాగర్తే" అని మాత్రం అన్నాడు.

ఒడ్డున ఒంటరిగా కూర్చోలేక కూతురితో కలిసి గాజు పడవే ఎక్కాడు.

సూర్యావతి గుప్పిట్లో ఓ పసుపు కొమ్ము ఉంది. గంగమ్మకి ఇద్దామని ఇంటి నుంచే తెచ్చుకుంది. నిచ్చెన దిగుతుంటే చెవులు పోటెత్తాయి. కళ్ళకి ముసుగు మాత్రం తగిలించుకుని పక్కనే ఈదుతున్న దాలయ్య గుటకలు మింగమని సైగ చేశాడు, మింగింది. కాళ్ళకి ఇసుక తగిలింది. మరి ముగ్గురు కూడా దిగారు, అందరివీ ఒకే రకం గుండు టోపీలు. నీలిచారల చేపలు మొహం దగ్గరికొచ్చి, ఈవిడెవరో పరాయి మనిషని తేల్చుకుని వెళ్ళిపోయాయి.

పడవలు కట్టడానికి ఎప్పుడో దించిన సిమెంటు దిమ్మ ఒకటి అక్కడ పడి ఉంది. సూర్యావతి దాని ముందు నిలబడిపోయింది. అది దిమ్మ అని దానికున్న ఇనప కొంకీని బట్టి తెలియాల్సిందే. పాకుడు, గుల్లలు, పేరు తెలియని మొక్కలు దాన్ని మింగేశాయి. అంచు లేదు, మూల లేదు. నీళ్ళ కింద ఉన్నది ఉన్నట్టు ఉండదు. ఇన్నేళ్ళూ మనసులో పసుపుతో మెరుస్తున్న గడప ఒక్కసారి నల్లబడిపోయింది. అమ్మ పెట్టిన బొట్లు ఎప్పుడో పోయాయి. ఇంక అది ఎదురుగా ఉన్నా తను గుర్తుపట్టలేకపోతుంది. టోపీలో కన్నీళ్ళు తుడుచుకునే వీలు లేదు, అవి అలాగే కారాయి.

వంగి, పసుపు కొమ్ము ఆ దిమ్మ మీద పెట్టబోయింది. దాలయ్య వద్దని వేలు ఆడించాడు. సముద్రంలో ఏదీ వదలకూడదట. గుప్పిట మళ్ళీ మూసుకుంది.

అప్పుడు ఇసుక మీద నీడ కదిలింది. తలెత్తి చూసింది. పైన వెలుగులో ఓ పడవ పొట్ట మెల్లగా జరుగుతోంది. దాని నడుమ గాజు, ఆ గాజు మీద వంగిన తలల మసక. మొహాలు తెలియలేదు. కాని ఒక చెయ్యి గాజుకి ఆనుకుని అటూ ఇటూ ఊగుతోంది, పడవ దాటిపోయేదాకా ఆగకుండా ఊగుతూనే ఉంది. అంత ఆత్రంగా, అంత తెలివితక్కువగా చెయ్యి ఊపేవాడు ఆవిడకి తెలిసి భూమ్మీద ఒక్కడే.

ఒడ్డుకి వచ్చాక తువ్వాలు పట్టుకుని ఎదురొచ్చాడు గోవిందరాజులు.

"నీకోసం సూసేనే. నాలుగు గుండ్లు కనిపించేయి, అందులో నువ్వేదో నాకు తెలీలేదు. అందుకే అన్నిటికీ సెయ్యూపేసేను" అన్నాడు, తప్పు చేసినవాడిలా.

సూర్యావతి తల తుడుచుకోబోయి, అది తడవలేదని గుర్తొచ్చి, తువ్వాలు ఒళ్ళో పెట్టుకుంది. గుప్పిట విప్పితే అరచేయి పసుపుపచ్చగా ఉంది.

"నాకు తెలిసింది. పైన ఎల్తున్నది మీరేనని కిందనుంచి తెలిసిపోయింది" అంది.

మళ్ళీ తనే అంది: "అయితే, ఆరోజు కోలాబులో మన పడవ ఎల్లినపుడు మా ఇంటికీ తెలిసే ఉంటాదండీ. పైనున్నది నేనేనని."

గోవిందరాజులు పక్కన కూర్చున్నాడు. ఈసారి అడిగాడు.

"ఏటి కావాల నీకు?"

"ఇంటికెల్లేక ఓసారి కోలాబు తీసుకెల్లండి. పడవ ఎక్కుదాం. గడప ఎక్కడున్నాదో ఎవల్నీ అడగను. నీళ్ళన్నిటికీ సెయ్యూపుతాను."