అప్ప తీసిన కంచాలు

శ్రీకాకుళం వైపు నుంచి రేవు పనికి వచ్చిన మా తాతల తరం కోసం కలకత్తా గార్డెన్ రీచ్‌లో ఒక వరసన కట్టిన గదులను మేం లైను అంటాం. దాని పొడవు గురించి నేనెప్పుడూ తగ్గించి చెప్పను. ఈ చివర పోపు వేస్తే ఆ చివర తుమ్మేసరికి, ఇక్కడ అన్నాలు తిని చేతులు కూడా కడిగేసుకుంటారు. అంతటి లైనుకూ ఒకే కుళాయి, ఒకే నిచ్చెన, ఒకే ఇస్త్రీపెట్టె. ఆ మూడూ చాలనట్టు కొన్నాళ్ళకు ఒకే క్లౌడ్.

ఈ నాలుగోది మా అప్ప చలవ. మా వైపు అక్కను అప్ప అంటాం. లైనులో మొదటి స్మార్ట్‌ఫోను కొన్నది ఆవిడే. దుకాణం దాదా, మాతో బేరాలాడీ ఆడీ తెలుగులో సగం నేర్చేసుకున్న బెంగాలీవాడు, "మెయిల్ ఐడీ ఏటి?" అని అడిగాడు. "అదేటి?" అంది అప్ప. తనకు లేనిది దుకాణంలో దొరుకుతుందనుకుంది. దాదా నిట్టూర్చి తనే ఒకటి తయారుచేసి, దాని పాస్‌వర్డు ఫోను వెనక తొడుగు లోపల బాల్‌పెన్నుతో రాసిచ్చాడు. ఫొటోలన్నీ వాటంతటవే పైకెళ్ళి భద్రంగా ఉంటాయని చేత్తో సీలింగు ఫ్యాను వైపు చూపించాడు. అప్ప చాలా రోజులు ఆ ఫ్యాను మీదే గౌరవం పెట్టుకుంది.

తర్వాత లైనులో ఎవరు ఫోను కొనాలన్నా అప్పను వెంటబెట్టుకుని వెళ్ళేవారు. అప్ప బేరం మొదలుపెడితే పక్క దుకాణాల్లో తూకాలు ఆగిపోయేవి, ట్రాము పట్టాలు మెత్తబడేవి. దాదా సొమ్మసిల్లే ముందు చేయగలిగిన ఆఖరి పని, కొత్త ఫోనులో మళ్ళీ అదే ఐడీ వేసేయడం. "ఒక లైను, ఒక ఐడీ. అసుబిధా ఏటి?" అనేవాడు. ఇబ్బందేమిటని. మాకూ ఏ ఇబ్బందీ కనబడలేదు. కుళాయి ఒకటే అయినప్పుడు ఇదెంత?

అలా ఎవరు ఏ ఫొటో తీసినా అందరి ఫోన్లలోకీ వచ్చిపడేది. ఫలానా వాళ్ళ పిల్లాడికి వచ్చిన మార్కులు వాళ్ళమ్మ కన్నా ముందు నేను చూసేవాణ్ణి. ఒకాయన ముల్లు గుచ్చుకున్న అరికాలు తీసుకుంటే, ఆ అరికాలికి ఇరవై ఇళ్ళు వైద్యం చెప్పాయి. దాచుకోవాల్సిన ఫొటో తీసే ధైర్యం ఎవరికీ లేకపోవడం వల్ల మా లైను నీతి హిమాలయాలను ఆనుకుని ఉండేదని నా నమ్మకం.

అప్పటికి నాకు సాల్ట్ లేక్‌లో, సెక్టార్ ఫైవ్ ఆఫీసులో ఉద్యోగం. నలుగురు ఇంజనీర్లు తయారుచేసిన కాగితాలను ఐదో ఇంజనీరుకు పంపడం నా పని. లైనులో మాత్రం ప్రపంచంలోని కంప్యూటర్లన్నీ నేను సెలవు పెడితే తిరగవని చెప్పుకున్నాను, నమ్మారు. తర్వాత న్యూ టౌన్‌లో పదకొండో అంతస్తుకు మారాను. అక్కడి మనుషులు లిఫ్టులో ఒకరినొకరు చూడకుండా నిలబడే విద్యలో ఆరితేరినవాళ్ళు. వాళ్ళ మధ్య నా ఫోనులోకి ఎవరివో అరికాళ్ళూ, ఎండుచేపలూ వచ్చిపడుతుంటే నామోషీగా ఉండేది. ఒకరోజు లైను ఐడీ తీసేసి, నా పేరుతో ఒకటి పెట్టుకున్నాను. ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు. కుళాయి మీద అలిగి వెళ్ళినట్టు ఉంటుందని.

అప్పకు అసలే చెప్పలేదు. అమ్మ పోయినప్పుడు నాకు ఐదేళ్ళు, అప్పకు పదిహేను. నన్ను పెంచడం కోసమే తన పెళ్ళి పక్కగదిలో ఉండే బావతో చేసుకుంది. బావ నౌకలు కట్టే యార్డులో వెల్డరు. నిప్పురవ్వల మధ్య బతికి మాటలన్నీ ఆవిరైపోయిన మనిషి.

దాదాపు రోజూ మధ్యాహ్నం అప్ప ఫోను చేసేది.

"సూసేవేటిరా?"

నేను అప్పుడు ఐదో ఇంజనీరు కోసం వెతుకుతూ ఉండేవాణ్ణి. దేన్ని చూశావని అడుగుతోందో తెలియదు. అడిగితే మాట పొడుగవుతుంది. "సూసేను అప్పా" అనేవాణ్ణి.

"ఎలగుంది?"

"బాగుంది."

"అయితే ఆదివారం వస్తావా?"

"వచ్చే ఆదివారం."

ఈ నాలుగు ముక్కల సంభాషణ మూడేళ్ళు నడిచింది. వచ్చే ఆదివారాలను ఒకదాని మీద ఒకటి పేరిస్తే హుగ్లీ మీద ఇంకో వంతెన కట్టవచ్చు. నేను అప్పుడప్పుడూ వెళ్ళాను, వెళ్ళలేదని అనను. పండక్కో, పెళ్ళికో, చెప్పులు విప్పీ విప్పకముందే క్యాబ్ బుక్ చేసుకుంటూ.

అప్ప పోయి రెండేళ్ళయింది. మూడు రోజుల జ్వరం. బ్యాటరీ ఉబ్బిపోయి ఆవిడ ఫోను అంతకు ముందే చచ్చింది. బావ దాన్ని గూట్లో, పసుపు డబ్బా పక్కన ఉంచాడు.

మొన్న చలికాలం లైనులో మా అత్త కూతురి పెళ్ళి కుదిరింది. సొంత అత్త కాదు. లైనులో గొంతు ఎక్కువున్న ఆవిణ్ణి అందరం అత్త అనే అంటాం. ఆవిడ గొంతు విని రేవులో ఓడలు లంగరు వేసుకున్న సందర్భాలున్నాయి. అలాంటిది నాకు ఫోను చేసి ఏడుపు గొంతుతో చెప్పింది.

"ఒరే, నిశ్చితార్థం పొటోలు పైకి ఎల్లడం లేదురా. నిండిపోయిందంట. పెళ్ళి ఇంకా అవనేదు. దాదా ఏమో పనికిరానియి తీసేయమంతన్నాడు. ఏది పనికొస్తాదో ఏది రాదో నాకేటి తెలుసు? నువ్వు కంపూటర్లు తిప్పినోడివి. రా."

ఆదివారం వెళ్ళాను. నిజంగా ఆ ఆదివారమే.

బావ గదిలో మంచం మీద కూర్చుని, అప్ప ఫోను తొడుగు లోపలి బాల్‌పెన్ను అక్షరాలు చూసి, లైను ఐడీని నా ఫోనులో మళ్ళీ వేసుకున్నాను. ఫొటోలు దిగసాగాయి. నిశ్చితార్థం, దేవుడి పటాలు, గులాబీల మీద శుభోదయాలు. వేలితో పైకి నెడుతూ అప్ప ఉన్న సంవత్సరాల దాకా వెళ్ళాను. అక్కడ ఒక కంచం.

దాని పైన ఇంకో కంచం. వరసగా, రోజుకొకటి, కంచాలు. నెత్తళ్ళ ఇగురు. అరటిపువ్వు కూర. ఆవపెట్టిన ఇలిష్ చేప ముక్క, అప్ప బెంగాలీ పొరుగావిడ దగ్గర నేర్చుకుని ఆవిడకే తిరిగి నేర్పిన వంట. ఊరినుంచి ఎవరో తెచ్చిన చింతచిగురు వేసిన పప్పు. ప్రతి ఫొటోలో ఒక మూల అప్ప బొటనవేలు, కత్తిపీట గాటుతో సహా. లెన్సు ఎక్కడుందో ఆవిడకు చివరిదాకా తేలలేదు. మా ఆఫీసు వాళ్ళు ఒక కాగితాన్ని అన్నివైపుల నుంచి చూసినట్టు, నేను ఆ వేలునే చూస్తూ కూర్చున్నాను. వేలు పక్కన, కూర వడ్డించిన కంచానికి అవతల, ప్రతి ఫొటోలోనూ ఇంకో కంచం ఉంది. బోర్లించిన కంచం. మా ఇంట్లో తినాల్సిన మనిషి ఇంకా రాకపోతే ఈగలు వాలకుండా కంచం బోర్లించి పెడతారు. అంచు సొట్ట పడ్డ ఆ స్టీలు కంచం నాది.

"బావా, ఇవేటి?"

బావ తొంగి చూశాడు. "నీ కోసమే తీసీది. తీస్తే నీ పోనులోకి వచ్చేత్తాదిగా, మళ్ళీ పంపడం దేనికి అనీది." మంచం చివర కూర్చుని, "సూసేనన్నాడు, బాగుందన్నాడు అని నాకు సెప్పీది" అన్నాడు.

మూడేళ్ళ 'సూసేవేటి' అదన్నమాట.

నాకు ఒక పిచ్చి ఆలోచన పుట్టింది. ఇవి నా కంచాలు. నా కోసం తీసినవి. లైనంతటి మధ్య, శుభోదయం గులాబీల కింద పడి ఉండడమేమిటి? ఎలాగూ చోటు కావాలంటున్నారు. నా ఫోనులోకి వచ్చేశాయి కదా. ఇక్కడ తీసేస్తే, ఇవి నా ఒక్కడి దగ్గరే ఉంటాయి.

"ముందు దాదాని అడుగుదాంరా" అన్నాడు బావ.

"నన్నెవరనుకున్నావు? సెక్టార్ ఫైవ్‌లో..." అంటూనే మొత్తం ఎంచి, తొలగించు అన్నదాన్ని నొక్కాను.

లైను ఖాతాలో కంచాలు పోయాయి. చూస్తుండగానే నా ఫోనులోనూ పోయాయి. నాకు కనబడ్డవి నా దగ్గరున్నవి కావని, పైనున్నవాటినే నేను కిటికీలోంచి చూస్తున్నానని అప్పుడు తెలిసింది. ఇరవై ఏళ్ళ సర్వీసులో ఆఫీసు నన్ను ఐదో ఇంజనీరు దగ్గరికి మాత్రమే ఎందుకు పంపిందో కూడా అప్పుడే తెలిసింది. మూడేళ్ళ అన్నం ఒక్క వేలితో పారబోశాను.

బావ గూట్లో ఉన్న చచ్చిన ఫోనుకేసి ఒకసారి చూశాడు. ఆయన తిట్టి ఉంటే బాగుండేది.

పావుగంట కాలేదు, గుమ్మంలో అత్త, ఆవిడ వెనక ఇంకో ముగ్గురు ఆడవాళ్ళు, అందరి చేతుల్లో ఫోన్లు.

"ఒరే, మీ అప్ప కంచాలేయిరా?"

"నువ్వేగా అత్తా పాతవి తీసేయమన్నావు."

"పనికిరానియి తీయమన్నాను! నీ తెలివి రేవులో కలిపీ! పొద్దున్నే పోను తెరిస్తే అదే సూపిస్తాది గదరా, ఇన్నేళ్ళ కిందట ఈ రోజని. మీ అప్ప ఆ రోజు ఏటి వండిందో సూసి నాను అదే పొయ్యిమీద పెడతాను. ఈళ్ళూ అంతే."

"నిన్న ఈవిడింటా నెత్తళ్ళే, మా ఇంటా నెత్తళ్ళే" అంది ఇంకొకావిడ. "లైనంతా ఒకటే వాసన. మీ బావ గుమ్మంలో కూకుని ఎవులు బాగా సేసేరో సెప్తాడు. అదొక్కటే ఆయన మాటాడీది."

నేను బావ వైపు చూశాను. ఆయన నేలకేసి చూస్తున్నాడు. రెండేళ్ళుగా అప్ప వంట ఈ లైనులో రోజూ ఉడుకుతూనే ఉంది. పదకొండో అంతస్తుకు మాత్రం వాసన రాలేదు.

అందరం ఊరేగింపుగా దాదా దుకాణానికి వెళ్ళాం. ముందు అత్త, వెనక గరిటె పట్టుకునే వచ్చేసిన ఒకావిడ, మధ్యలో ముద్దాయిలా నేను. సంగతి విని దాదా అప్పను తలుచుకుని గల్లాపెట్టె మీది దేవుడికి దణ్ణం పెట్టాడు. తర్వాత నా ఫోను తీసుకుని రెండు చోట్ల నొక్కాడు.

"చెత్తబుట్టలో ఉన్నాయి బాబూ. వెంటనే పోవు, కొన్నాళ్ళుంటాయి." నా మొహం చూసి నవ్వాడు. "కంపూటర్‌బాబు, నీకు ఇది తెలీదా ఏటి?"

కంచాలు ఒక్కొక్కటే లేచి వచ్చాయి. అప్ప బొటనవేళ్ళన్నీ వచ్చాయి. లెక్క చూసే ధైర్యం నాకు లేదు, అత్త చూసింది. "ఇలిష్ వచ్చింది, అరటిపువ్వు వచ్చింది" అని ఇంటికొచ్చిన చుట్టాలను పలకరించినట్టు పలకరించింది.

కానీ అవి రాగానే మళ్ళీ నిండిపోయిందని సందేశం. పెళ్ళికి చోటు లేదు. అందరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. అత్త దుకాణం మెట్టు మీద చతికిలబడి, దేశంలోకెల్లా పెద్దదైన తన గులాబీల తోటను, శుభోదయాలతో సహా, దాదా చేత తీయించేసింది. "పోతే పోనీ, రేపు మళ్ళీ ఎవులో పంపుతారు" అంది. తక్కినవాళ్ళు తలా కొంత వదిలారు. ముల్లు గుచ్చుకున్న ఆ చారిత్రక అరికాలు కూడా వెళ్ళిపోయింది. దాని యజమాని చివరిసారి చూసుకుని మరీ సాగనంపాడు. పెళ్ళి పట్టేంత చోటు దొరికింది.

నా దగ్గర తీయడానికి ఏమీ లేదు. లైను ఖాతా వాడిన రోజుల్లోనూ అందరూ చూస్తారని నేను ఫొటో ఒక్కటీ తీయలేదు కనుక.

మధ్యాహ్నం బావ అన్నం వండాడు. పులుసు అత్త వాళ్ళింటి నుంచి వచ్చింది. నాలుగేళ్ళ కిందట అదే రోజున అప్ప చేసిన వంకాయ, ఎండుచేపల పులుసు. బావ రెండు కంచాలు తెచ్చి, ఒకటి తన ముందు పెట్టుకుని, సొట్ట అంచుది అలవాటు ప్రకారం బోర్లించాడు. బోర్లించి, నేను ఎదురుగా కూర్చున్నానని గుర్తొచ్చినట్టు ఆగాడు. నేనే దాన్ని తిరగేసుకున్నాను. వడ్డించాడు.

తినే ముందు ఫోను తీసి రెండు కంచాలకూ కలిపి ఒక ఫొటో తీశాను. మూల నా బొటనవేలు పడింది. మళ్ళీ తీయలేదు. అది పైకి వెళ్ళేదాకా, చిన్న బాణం గుర్తు తిరిగి తిరిగి ఆగేదాకా చూశాను. సూసేవేటి అని అడగడానికి నాకు ఒక్క మనిషే కావాలి. ఆ మనిషికి ఫోను లేదు.

మొదటి ముద్ద నోట్లో పెట్టుకోకముందే గోడ అవతలి నుంచి అత్త గొంతు, రేవు దాకా వినబడేట్టు.

"సూసేన్రా! అన్నం తక్కువెట్టుకున్నావు. ఇంకో గరిటెడు ఎయ్యమను మీ బావని."

బావ వేశాడు.