తాతగారి లీచీ గింజ

మా తాతగారికి ఈ దీవిలో, కాంప్ ద మాస్క్ అనే మా ఊరి చుట్టూ చెరకు భూములు ఉండేవి. నాకు ఊహ తెలిసేనాటికి ఇల్లు ఒక్కటే మిగిలింది. ఇంట్లో ఆయన గ్రామఫోన్ మిగిలింది. పెట్టెలా మూసి, పిడి పట్టుకుని తీసుకుపోయే రకం అది. తాళం తిప్పితే పాడుతుంది. నేను చెరకు ఎస్టేటు ఆఫీసులో గుమాస్తాగా చేరాక కూడా, ఆ పెట్టె పక్కన కూర్చున్నప్పుడు వెన్ను నిటారుగా పెట్టుకునే కూర్చునేవాణ్ణి. ఎవరింటికీ దాన్ని ఇచ్చేవాళ్ళం కాదు. ఏడాదికి ఒక్కసారి, ఉగాదినాడు, గుడికి వెళ్ళేది. అదీ నేనే మోసుకెళ్ళేవాణ్ణి.

ఆదివారం మధ్యాహ్నాలు నలుగురు స్నేహితులం మా వరండాలో చేరేవాళ్ళం. నేను, తెలుగు బడి పంతులుగారి అబ్బాయి, కొట్టువారి అబ్బాయి. నాలుగోవాడి తాత ఒకప్పుడు మా తాతగారి తోటలో కూలీలమీద సర్దారుగా పనిచేశాడు. వాడు గుడి పక్కనే చిన్న ఇంట్లో ఉండేవాడు. కూరగాయలు పండించేవాడు. మాలో నిజంగా గొంతు ఉన్నది వాడికే. రామభజన అంటే ఊరంతా వాణ్ణే ముందు నిలబెట్టేది.

అప్పట్లో ఆల్బమ్ అంటే నిజంగా పుస్తకంలాగే ఉండేది. గట్టి అట్టలు, వాటి మధ్య కాగితపు సంచులు, ఒక్కో సంచిలో ఒక్కో నల్లటి రికార్డు. ఎవరి ఆల్బమ్ వాళ్ళు తెచ్చేవాళ్ళు. అన్నీ విని, ఏది బాగుందో ఓటు వేసేవాళ్ళం. దేశమంతా ఎన్నికల మాటే నడుస్తున్న రోజులు కావడంతో మాకూ ఆ సరదా పట్టింది. లోపలి గదిలో ఆల్బమ్‌లు వరుసగా పెట్టి, ఒక్కోదానిమీద ఒక రేకు గ్లాసు బోర్లించేవాళ్ళం. ఒక్కొక్కరే లోపలికి వెళ్ళి, నచ్చినదాని గ్లాసు కింద చింతగింజ పెట్టి రావాలి. సొంత ఆల్బమ్‌కు పెట్టుకోకూడదు.

తాతగారి గింజ అనే పద్ధతిని తెచ్చింది ఆ నాలుగోవాడే.

"మిషన్ తాతగారిది. పాట వినేది మనం నలుగురమేనా? ఆయనకీ ఒక గింజ ఉండాల," అన్నాడు ఒక ఆదివారం.

"పోయినోళ్ళకి ఓటేంది, మో ఫ్రేర్?" అని నవ్వాడు కొట్టువారి అబ్బాయి. అన్నదమ్ముణ్ణి పిలిచినట్టు అందరినీ మో ఫ్రేర్ అనేవాడు వాడు.

"ఎన్నికల్లో వేస్తన్నారంటగా!" అన్నాడు పంతులుగారి అబ్బాయి.

అలా తాతగారికి ఒక ఓటు వచ్చింది. మిగతావాటితో కలిసిపోకుండా దానికి ఎండిన లీచీ గింజ పెట్టాం. పెద్దది, గోధుమరంగు, నున్నగా మెరిసేది. ఆయన తరఫున దాన్ని వేసేది నేను. అది ఏ గ్లాసు కిందైనా పెట్టవచ్చు, నాదాని కింద కూడా. ఆ మర్యాద నాకు ఎంత నచ్చిందో ఇప్పుడు రాయడానికి సిగ్గుగా ఉంది.

స్వతంత్రం వచ్చిన నెలలోనే ఆ ఏటి ఉగాది వచ్చింది. దానికి ముందటి ఆదివారం గెలిచిన ఆల్బమ్‌ను పండగనాడు గుడి లౌడ్‌స్పీకర్‌లో వేయాలని అనుకున్నాం. అంతకు వారం ముందు ఆ నాలుగోవాడు నా దగ్గరికి ఒంటరిగా వచ్చాడు. వాళ్ళమ్మ మంచం పట్టి అప్పటికే ఆరు నెలలు. ఇంకా నడిచేరోజుల్లో వంకాయలు అమ్మి, రోజ్ హిల్ బజారులో కొడుకుచేత ఒక భజనల ఆల్బమ్ కొనిపించుకుంది. దాన్ని ఆమె ఒక్కసారి కూడా వినలేదు. వాళ్ళింట్లో మిషన్ లేదు, మా వరండాదాకా ఆమె రాలేదు.

"ఒక్క సాయంత్రం ఇస్తావా? నేనే మోసుకుపోయి నేనే తెస్తా."

"అది గుడికి తప్ప ఎక్కడికీ పోదు. నీకు తెలుసుగా," అన్నాను.

వాడు నొచ్చుకున్నట్టు కనబడలేదు. "సరేలే. ఓటులో గెలిస్తే లౌడ్‌స్పీకర్‌లో పడుద్ది కదా. మంచంమీంచే వింటది," అని వెళ్ళిపోయాడు.

ఆ ఆదివారం రెండే రెండు ఆల్బమ్‌ల మధ్య పోటీ అని అందరికీ తెలుసు. వాడిది, నాది. నాది తాతగారు ఇండియా నుంచి తెప్పించుకున్న నాటక పద్యాలు. గీతలు పడి, సగం మాటలు గరగరలో కలిసిపోయేవి. వాడి భజనలు కొత్తవి. వింటుంటే పంతులుగారి అబ్బాయి కళ్ళు మూసుకున్నాడు. నేను కూడా మూసుకునేవాణ్ణే, చూస్తారని ఆగాను.

నా చింతగింజ వాడి ఆల్బమ్‌కు పెట్టాను. ఎంత న్యాయంగా ఉన్నానో నాకు నేను చెప్పుకున్నాను. తర్వాత లీచీ గింజ చేతిలో పట్టుకుని నిలబడ్డాను. ఇల్లు తప్ప అన్నీ పోయిన మనిషి పద్యాలు గుడిలోనైనా ఒకసారి మోగాలి అనుకున్నాను. అది నిజమే, కానీ పూర్తి నిజం కాదు. సర్దారు మనవడి పాట మా మిషన్‌మీద ఊరంతా వినడం నాకు ఇష్టం లేకపోయింది.

గ్లాసులు ఎత్తాం. వాడిదానికి రెండు చింతగింజలు. నాదానికి రెండు చింతగింజలు, పక్కన లీచీ గింజ.

"గ్రాన్ మిస్యే గెలిచాడు!" అన్నాడు కొట్టువారి అబ్బాయి. పెద్ద దొర అని నన్ను వెక్కిరించే మాట అది. ఎప్పటిలాగే వాడు నాకే వేశాడు. నేనూ పంతులుగారి అబ్బాయీ భజనలకు వేశాం. అంటే నాకు పడిన రెండో చింతగింజ ఎవరిదో లెక్క కట్టనక్కర్లేదు. తల్లికోసం గెలవాల్సినవాడు నా గీతల రికార్డులకు ఓటు వేశాడు.

"తాతగారి గింజ తాతగారి ఇష్టం," అన్నాడు వాడు.

ఉగాదినాడు లౌడ్‌స్పీకర్ మైకును గ్రామఫోన్‌కు దగ్గరగా పట్టుకుని నిలబడింది కూడా వాడే. నేను తాళం తిప్పాను. పద్యాలు గరగరమంటూ చెరకు తోటలమీదికి వెళ్ళాయి. ప్రసాదం అయ్యాక, పెట్టె చేత్తో పట్టుకునే, వాళ్ళమ్మకు దణ్ణం పెట్టి వద్దామని ఆ ఇంట్లోకి వెళ్ళాను. దిండు పక్కన భజనల ఆల్బమ్ ఉంది. దానిమీద ఆమె చెయ్యి ఉంది.

"విన్నా నాయనా, మొత్తం విన్నా," అంది. "మీ మిషన్‌మీద మా పాట ఎంత బాగుండాది! మాటలు నాకు తెలవలా. అయినా ఏడుపొచ్చింది."

నేను వాడివైపు చూశాను. గెలిచింది వాళ్ళ ఆల్బమే అని వాడు ఆమెకు చెప్పినట్టున్నాడు. వాడు కిటికీవైపు చూస్తున్నాడు. పెట్టె నా చేతిలోనే ఉంది. ముల్లు ఉంది, తాళం ఉంది. మంచం పక్కన పీట కూడా ఉంది. మూత తీసి ఆ ఆల్బమ్‌లో ఒక్క రికార్డు పెడితే చాలు. పెడితే ఇందాకటిది తన పాట కాదని ఆమెకు తెలుస్తుంది, నేను చేసింది తెలుస్తుంది.

"అవును పిన్నీ, బాగా పాడింది," అని బయటికి వచ్చేశాను.

చెరకు కోతలు మొదలయ్యే రోజుల్లో ఆమె పోయింది. కర్మ అయిన మర్నాడు, ఎవరూ అడక్కుండానే, గ్రామఫోన్ పట్టుకుని వాళ్ళింటికి నడిచాను. పండగ కాని రోజున అది మా ఇల్లు దాటడం అదే మొదటిసారి. వాడు గుమ్మంలో నిలబడి పెట్టెవంకా, నావంకా చూశాడు.

"ఇప్పుడెవరికి, మో ఫ్రేర్?"

ఆ మాటలో కోపం లేదు. టీ ఇచ్చాడు. వంకాయ నారు గురించీ వానల గురించీ మాట్లాడాడు. ఆల్బమ్ ఎక్కడుందని నేను అడగలేదు.

తిరిగి వస్తుంటే కొట్టు ముందు నుంచి మా స్నేహితుడు కేకేశాడు.

"ఏంది గ్రాన్ మిస్యే, ఉగాది అయిపోయి మూడు నెలలైందిగా!"

అక్కడున్నవాళ్ళు నవ్వారు. నేను వెన్ను నిటారుగా పెట్టుకుని నడిచాను. పెట్టె బరువుకు చెయ్యి లాగేస్తున్నా, ఇల్లు చేరేదాకా దించలేదు.