నాలుగు నిమిషాలు

వీధిలో ఏ ఇంట్లో ఎవరు ఎక్కడ పడుకుంటారో కండక్టరు బాబాయికి తెలిసినంతగా ఆ ఇంటివాళ్లకే తెలియదంటే నమ్మండి. రిటైరయ్యాక హాయిగా కాళ్లు బారజాపుకుని కూర్చోక, ఇంటింటికీ తిరిగి రాసుకున్నాడు మహానుభావుడు. ఎవరికి మోకాళ్లు పనిచేయవు, ఎవరికి చెవులు వినపడవు, ఎవరు లోపల గడియ పెట్టుకుంటారు, అన్నీ.

"నా గురక ఎంత దూరం వినిపిస్తుందో కూడా రాసుకో బాబాయ్," అని పక్కింటి టైలరమ్మ వెక్కిరించింది.

"రాయక్కర్లేదమ్మా, వీధంతా సాక్ష్యమే," అన్నాడు.

పాపం, ఆయనకు ఈ పిచ్చి ఊరికే పట్టలేదు. ఆరేళ్ల కిందట ఏరు పొంగి వీధిలోకి నీళ్లొచ్చిన రోజు ఆయన బస్సు వంతెన అవతలే ఆగిపోయింది. ఇక్కడ ఆయన భార్య, వీధికంతటికీ పిన్ని, కాలు విరిగి వెనక గదిలో మంచాన ఉంది. పిన్ని తన తమ్ముడింటికి వెళ్లుంటుందనుకుని అందరూ ఎదురుగా ఉన్న మేడ ఎక్కేశారు. టైలరమ్మ కూడా. పిన్ని ఆ గదిలోనే నీళ్లలో మునిగి పోయింది. ఎవరైనా వెళ్లుంటే పిన్నిని బయటికి తేగలిగేవాళ్లా? ఆ ఒక్క ప్రశ్న బాబాయిని అప్పట్నుంచీ తినేస్తోంది. ఎవర్నీ అడగలేదు. అడిగితే మాత్రం ఏం చెబుతారు?

మళ్లీ ఏరు పొంగితే ఏం చేయాలో ఆదివారం పొద్దున మొదటి రిహార్సల్ పెట్టారు. ఈల వినగానే ఎవరి వంతు ఇంటికి వాళ్లు పరుగెత్తి, కదల్లేని మనిషిని దుప్పటి మీద పడుకోబెట్టి, మేడ మెట్ల దాకా ఈడ్చుకు రావాలి. బాబాయి వంతు మూలింటి బామ్మ. ఈల ఊది ఆయనా పరుగెత్తాడు. కానీ కాళ్లు మూలింటికి పోలేదు.

టైలరమ్మ వెతుక్కుంటూ వచ్చేసరికి బాబాయి తన ఇంటి వెనక గదిలో, ఖాళీ మంచం పక్కన నిలబడి ఉన్నాడు.

"అక్కడ బామ్మ నిన్ను తిట్టిపోస్తోంది బాబాయ్."

"నన్ను ఈ పనిలోంచి తీసెయ్యండమ్మా. నావల్ల కాదు." "ఈల వినగానే మీ పిన్ని పిలిచినట్టయింది."

టైలరమ్మ మంచం దగ్గరికొచ్చింది. "పిన్ని తల ఎటు పెట్టుకునేది?" అని అడిగింది.

"కిటికీ వైపు."

ఆమె మంచం మీద దుప్పటి పరిచి, కిటికీ వైపు తలపెట్టి పడుకుంది. "నేను పిన్నికి రెండింతలుంటాను. లాగు చూద్దాం."

మెల్లగా కిందికి దించి లాగాడు. గుమ్మం దాటించి, వీధి దాటించి, మేడ మెట్ల దగ్గర ఆగి, రొప్పుతూ వాచీ చూసుకున్నాడు. నాలుగు నిమిషాలు. ఆ రోజు నీళ్లు గుమ్మమెక్కడానికి గంట పైనే పట్టింది. ఆ సంగతి ఇద్దరికీ తెలుసు.

టైలరమ్మ పైకి లేవలేదు. దుప్పటి మీదే ముఖం కప్పుకుని వెక్కివెక్కి ఏడ్చింది. "నేనొక్కదాన్ని వచ్చినా సరిపోయేది బాబాయ్."

"సరిపోయేదమ్మా," అన్నాడాయన. "ఈపాటికి కాఫీ ఏదని నామీద అరుస్తూ ఉండేది."

అని, ఆమె పక్కనే నేల మీద కూలబడ్డాడు.