పన్నెండు శుభ్రమైన ఫొటోలు

ఇక్కడ అమెరికాలో, షాంటిలీలోని ఇండియన్ గ్రోసరీ క్యూలో నిలబడ్డప్పుడు ఎవరైనా మీరేం చేస్తారని అడిగితే నేను "పబ్లిషింగ్" అని ఊరుకుంటాను. ఒక్కసారి మాత్రం నిజం మొత్తం చెప్పాను. యూదుల గ్రంథాలయాల గురించి లైబ్రేరియన్లు రాసే వ్యాసాలతో ఏడాదికి రెండుసార్లు ఒక పరిశోధన పత్రిక వస్తుందనీ, దాన్ని పేజీలుగా కూర్చి, బొమ్మలు సరిచేసి, ప్రూఫులు పంపడం నా పననీ చెప్పాను. ముందున్నావిడ కరివేపాకు ప్యాకెట్ చేత్తో పట్టుకుని నన్ను జాలిగా చూసింది. "ఇంకా లేట్ కాలేదండీ, టెస్టింగ్ కోర్స్ ఏదైనా చేయొచ్చు కదా" అంది. ఆ తర్వాత ఎవరికీ వివరం చెప్పలేదు.

నేను యూదురాలిని కాను, లైబ్రేరియన్ని అంతకన్నా కాను. మావారి వీసా మీద హెర్న్‌డన్ వచ్చి, పని చేసుకోవడానికి అనుమతి వచ్చేదాకా గోళ్ళు గిల్లుకుంటూ కూర్చుని, అది రాగానే మొదట పిలిచినవాళ్ళ దగ్గర చేరాను. పని ఇంటి నుంచే. ఎడిటర్ వేరే రాష్ట్రంలో ఉండే ఒక రిటైర్డ్ లైబ్రేరియన్. ఆయన ఈమెయిల్‌కి పలకరింపు ఉండదు, సంతకం ఉండదు. హీబ్రూ పేరును ఇంగ్లీషులో రాసేటప్పుడు ఒక అక్షరం కింద చుక్క పెట్టాలా వద్దా అన్నదాని మీద మాత్రం పేజీలకు పేజీలు రాస్తాడు. ఈ పత్రిక రచయితలు మహా మర్యాదస్తులు, కానీ ఆ చుక్క జోలికి వెళ్ళామా, కందిరీగల తుట్టె కదిలించినట్టే.

నాకీ ఉద్యోగం ఎందుకిచ్చారో చెప్పాలి. పెళ్ళికి ముందు హైదరాబాద్‌లో ఆరేళ్ళు ఒక కంపెనీలో పనిచేశాను. అమెరికా ప్రచురణకర్తల పాత పుస్తకాలు స్కాన్ అయి మా దగ్గరికి వచ్చేవి. వాటి మీది మరకలు, వేలిముద్రలు, పెన్సిల్ గీతలు, పురుగు కొట్టిన చిల్లులు, అన్నీ తీసేసి పేజీని తెల్లగా చేసి పంపాలి. ఆ పనిని మేం "క్లీనప్" అనేవాళ్ళం, తీసేసేదాన్ని "డర్ట్" అనేవాళ్ళం. పేజీలో ఒక్క మచ్చ మిగిలినా తప్పు కింద లెక్క, టీమ్ మొత్తం ముందు పిలిచి చూపించేవాళ్ళు. మా ఫ్లోర్‌లో అందరికన్నా వేగం నాది. గొప్ప చెప్పుకోవడం కాదు, మచ్చ కనబడితే నా చెయ్యి నన్ను అడక్కుండానే దాని మీదికి వెళ్ళేది.

ఆ వసంతకాలపు సంచికకి ఒక వ్యాసం వచ్చింది. రాసినావిడకి డెబ్బై ఎనిమిదేళ్ళు. మా ఇంటికి నలభై నిమిషాల దూరంలో ఒక చిన్న సినగాగ్‌లో, అంటే యూదుల ప్రార్థనా మందిరంలో, ఒకే గది ఉన్న లైబ్రరీని ముప్పై ఏళ్ళుగా నడుపుతోంది. ఈజిప్టు బానిసత్వం నుంచి యూదులు బయటపడ్డ రోజును తలుచుకునే పాస్ఓవర్ పండగ రాత్రి భోజనాల బల్ల దగ్గర ఇంటిల్లిపాదీ కలిసి చదివే పుస్తకం ఒకటుంటుంది, దాన్ని హగ్గాదా అంటారు. ఆ చుట్టుపక్కల కుటుంబాలు వాడి పక్కన పెట్టిన హగ్గాదాలను ఆవిడ రెండు బీరువాల నిండా పోగుచేసింది. ఇప్పుడు ఆ సినగాగ్‌కి వచ్చేవాళ్ళు తగ్గిపోయి, భవనం అమ్మేస్తున్నారు. జూన్ చివరికల్లా గది ఖాళీ చేయాలి.

ఒక యూనివర్సిటీ లైబ్రరీ ఆ పుస్తకాలు తీసుకునే ఆలోచనలో ఉంది. కానీ వాళ్ళ కమిటీకి ఒక అనుమానం. వీటిలో చాలావరకు ఒకప్పుడు వేలకు వేలు అచ్చువేసి దుకాణాల్లో ఊరికే పంచినవే, అవి తమ దగ్గర ముందే ఉన్నాయి కదా అని. తీసుకోకపోతే పుస్తకాలు ఏమవుతాయో కూడా తెలుసు. దేవుడి పేరున్న పుస్తకాన్ని వాళ్ళు చెత్తలో వేయరు, శ్మశానంలో పాతిపెడతారు. ముప్పై ఏళ్ళ పోగు మట్టిలో కలవకుండా ఉండాలంటే, ఒక ప్రతి ఇంకో ప్రతి లాంటిది కాదని ఆవిడ రుజువు చేయాలి. ఆ వ్యాసం రాసింది అందుకే. మే నెలలో కమిటీ కూర్చునేలోగా సంచిక వాళ్ళ చేతిలో ఉండాలి.

ఇదంతా ఎడిటర్ నాకు రెండు వాక్యాల్లో రాశాడు. నేను తేదీ మాత్రం క్యాలెండర్‌లో వేసుకున్నాను. వ్యాసం చదవలేదు. వ్యాసాలు చదవడం నా పని కాదనుకునేదాన్ని, అలా అనుకోవడంలో కాస్త పొగరు కూడా ఉండేది. నాకు కావలసింది పేరాలు, ఫుట్‌నోట్లు, బొమ్మలు. బొమ్మలు పన్నెండు. తెరిచి చూస్తే ఒక్కోటీ ఒక్కో ఘోరం. వైన్ ఒలికిన పేజీలు, నూనె వేళ్ళు, పేజీ మడతలో రొట్టె పొడి, అంచుల్లో పెన్సిల్ రాతలు. పాపం పెద్దావిడ, ఫొటోలు తీయడం రాదు కాబోలు అనుకున్నాను. ఒక పూటంతా కూర్చుని పన్నెండింటినీ తళతళలాడేలా చేశాను. పని అయ్యాక టీ పెట్టుకుని మళ్ళీ ఒకసారి చూసుకుని మురిసిపోయాను.

ప్రూఫులు వెళ్ళాయి. ఎడిటర్ ఫుట్‌నోట్లు చూశాడు, మూడు చుక్కలు పెట్టాడు, రెండు తీసేశాడు. రచయిత్రి అక్షరాలన్నీ జాగ్రత్తగా చదివింది, ఫొటోలు తను తీసినవే కదా అని వాటిని దాటేసింది. నాలుగో బొమ్మ కింద "వైన్ మరక ఉన్న పేజీ" అనీ, ఏడో బొమ్మ కింద "భోజనానికి ఎక్కడ ఆగాలో పెన్సిల్‌తో గుర్తు" అనీ ఉంది. ఆ వాక్యాలను బొమ్మల కింద చేర్చింది నేనే. పైన పాలలాంటి పేజీ, కింద మరక గురించి వాక్యం. నా బుర్రకి ఎక్కలేదు.

సంచిక అచ్చయి వెళ్ళిన వారానికి ఆవిడ ఫోన్ చేసింది. గొంతు నెమ్మదిగా ఉంది.

"ఫొటోలు చాలా శుభ్రంగా ఉన్నాయి" అంది.

"థాంక్యూ" అన్నాను. ఆ మాట తలుచుకుంటే ఇప్పటికీ నాకు ఒళ్ళు చచ్చిపోతుంది.

"నాలుగో బొమ్మలో మరక ఎక్కడుందో కాస్త చూసి చెబుతారా? నా కళ్ళకి కనబడటం లేదు, ఈ మధ్యే ఆపరేషన్ అయింది, నా కళ్ళదే లోపమేమో" అంది.

సంచిక తెరిచాను. మరక ఎక్కడా లేదు, తీసేసింది నేనే. ఫోన్ పెట్టేశాక ఆ వ్యాసం మొదటిసారి, మొదటి అక్షరం నుంచి చివరిదాకా చదివాను. వ్యాసమంతా మరకల గురించే. ఈజిప్టుకు వచ్చిన పది ఈతిబాధల పేర్లు చదువుతూ, ఒక్కో పేరుకీ వేలితో ఒక్కో చుక్క వైన్ పళ్ళెంలో విదిలిస్తారట, పక్కవాడి కష్టం తలుచుకుని మన సంతోషంలో అంత తగ్గించుకోవడమట. అందుకే ప్రతి ఇంటి పుస్తకంలోనూ ఆ పేజీ మీద చుక్కలుంటాయి. ఏ ఇంట్లో ఏ పేజీ దగ్గర ఎక్కువసేపు ఉన్నారో, ఎక్కడ ఆకలికి ఆగలేకపోయారో, చదివే వంతు ఎవరికి వచ్చిందో మరకలే చెబుతాయని ఆవిడ వాదన. ఆ వాదనకి ఆధారాలు పన్నెండు. పన్నెండింటినీ నేను తుడిచిపెట్టాను.

కమిటీ సమావేశానికి ఎనిమిది రోజులుంది. ఎడిటర్‌కి రాశాను. సవరణ తర్వాతి సంచికలో వేద్దాం అన్నాడు, అంటే ఆరు నెలలకు. అసలు ఫొటోలు నా దగ్గరే ఉన్నాయి కాబట్టి కమిటీకి నేరుగా పంపాను. అచ్చు సంచిక సభ్యులందరికీ ఇప్పటికే చేరిందని, తాము చూసేది దాన్నేనని, కావాలంటే రచయిత్రి పుస్తకాలతో వచ్చి ఇరవై నిమిషాలు మాట్లాడవచ్చని జవాబు వచ్చింది. ఆవిడకి ఆపరేషన్ వల్ల డ్రైవింగ్ లేదు. నేను తీసుకెళ్తానన్నాను.

సాఫ్ట్‌వేర్‌లో పనిచేసే మావారు విని తల గోక్కున్నారు. "బగ్ ప్రొడక్షన్‌లోకి వెళ్ళిపోయింది, ప్యాచ్ పంపావ్, అయిపోయింది కదా. నువ్వెళ్ళి అక్కడ నిలబడి 'నేనే చేశా' అనడం దేనికే? జాబ్ రిస్క్ కాదూ?"

"ఆవిడ పుస్తకాలు పాతిపెట్టేస్తారు, తెలుసా?" అన్నాను, కాస్త గట్టిగానే. ఆయన వెళ్ళి కారులో గ్యాస్ కొట్టించుకొచ్చారు.

సమావేశం రోజు ఉదయం సినగాగ్‌కి వెళ్ళాను. ఆవిడ పొట్టిగా, చలి లేకపోయినా స్వెట్టర్ వేసుకుని ఉంది. నన్ను తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేదని నిజంగా అనుకున్నాను. నాలుగో ఫొటోలోని పుస్తకాన్ని తీసి బల్ల మీద పెట్టి, ఆ పేజీ తెరిచింది. ఎండిన మందారం రంగులో, నా అరచేతంత మరక.

"ఇది నేను చేసిందే" అంది. "ఆరేళ్ళప్పుడు. గ్లాసు మొత్తం ఒలికిపోయింది. మా నాన్న ఏమీ అనలేదు. పేజీ కింద రుమాలు పెట్టి చదవడం కొనసాగించాడు."

మా వంటగది అలమరలో ఒక వ్రతకథ పుస్తకముంది, మా అమ్మ వాడి నాకిచ్చింది. హారతి పేజీ నిండా పసుపు వేళ్ళు, నెయ్యి. దాన్ని తెరిచిన ప్రతిసారీ కళ్ళకద్దుకుంటాను. ఆ పసుపును తుడవాలని నాకు ఏనాడూ తోచలేదు. ఇంట్లో కళ్ళకద్దుకునేదాన్నే పనిలో మురికి అన్నాను. చాలా సిగ్గేసింది. ఆవిడకి ఆ సంగతి చెప్పాలనుకున్నాను కానీ, సంజాయిషీలా ఉంటుందని ఊరుకున్నాను.

కమిటీలో ఐదుగురు. ముందు కూర్చున్న అధ్యక్షురాలు సంచికను ఏడో బొమ్మ దగ్గర తెరిచి నావైపు తిప్పింది.

"ఇక్కడున్న పెన్సిల్ గుర్తును తీసేసింది మీరేనా?"

"అవునండీ, నేనే. పన్నెండింటిలోనూ తీసేశాను."

"ఎందుకు?"

దారి పొడుగునా మర్యాదైన జవాబు ఒకటి వల్లె వేసుకుంటూ వచ్చాను. సాఫ్ట్‌వేర్ సెట్టింగ్ అనీ, పొరపాటున జరిగిందనీ. పక్కన పెద్దావిడ ఒళ్ళో పుస్తకం పెట్టుకుని కూర్చుంది. నా వల్లెవేత నోట్లోంచి రాలేదు.

"మురికి అనుకున్నాను" అన్నాను. "ఆరేళ్ళు నాకు అదే పని. పాత పుస్తకాల్లో మనుషులు వదిలినవన్నీ తీసేయడం. ఎన్ని వేల పేజీల్లో తీసేశానో నాకే తెలియదు. మీ దగ్గరున్న స్కాన్‌లలో కొన్ని నేను కడిగినవే అయుండొచ్చు."

అధ్యక్షురాలు ఏదో రాసుకుంది. తర్వాత పెద్దావిడ లేచి పుస్తకాలు ఒక్కోటీ తెరిచి చూపించింది. ఇరవై నిమిషాలు గంట అయింది. ఎవరూ గడియారం చూడలేదు. తిరుగు ప్రయాణంలో ఆవిడ నిద్రపోయింది, నేను రేడియో పెట్టుకోలేదు.

రెండు వారాలకి కమిటీ నుంచి ఆవిడకి ఉత్తరం వచ్చింది. రెండు బీరువాలూ తీసుకుంటామని. వ్యాసం బాగుందని ఒక వాక్యముంది. ఇంకో వాక్యం నా గురించి, పేరు లేకుండా: పనిలో ఆరితేరిన మనిషే వీటిని మురికి అనుకుని తీసేసిందంటే, మిగతా చోట్ల ఇలాంటి గుర్తులు మిగిలి ఉంటాయని నమ్మలేమని, కాబట్టి వీటిని ఉన్నవి ఉన్నట్టుగా దాచడం అవసరమని. ఆవిడ ఆ వాక్యాన్ని ఫోన్లో నాకు రెండుసార్లు చదివి వినిపించింది. మెచ్చుకున్నారో తిట్టారో నాకు తేలలేదు. పుస్తకాలు మట్టిలోకి వెళ్ళవని మాత్రం తేలింది, ఫోన్ పెట్టేశాక కూర్చుని ఏడ్చాను. ఎడిటర్ సవరణ ప్రకటనలో "సాంకేతిక కారణాల వల్ల" అని రాసి పంపితే, కాదని, నేను చేసింది చేసినట్టు రాసి తిప్పి పంపాను. అలాగే వేశాడు.

జూన్‌లో యూనివర్సిటీ వాళ్ళ వ్యాన్ వచ్చిన రోజు నేనూ సాయం వెళ్ళాను. ఆవిడ ఒక్కో పుస్తకం జాబితాలో టిక్ పెడుతుంటే, పెద్ద వయసు పనివాడొకాయన చేతులకి గ్లవ్స్ వేసుకుని పెట్టెల్లో సర్దుతున్నాడు. నెమ్మదస్తుడు, పుస్తకమంటే గౌరవం ఉన్నవాడు. ఒక పుస్తకం ఆయన చేతిలో జారి మధ్యకి తెరుచుకుంది. మడతలో గోధుమరంగు రొట్టె పొడి. ఆయన అయ్యో అన్నట్టు ముఖం పెట్టి, జేబులోంచి శుభ్రమైన గుడ్డ తీసి, పేజీ మీదికి వంగాడు.

"తుడవకండి!" అని అరిచాను.

తెలుగులోనే అరిచానని ఆయన తెల్లబోయి చూసేదాకా నాకు తెలియలేదు. గుడ్డ పట్టుకున్న చెయ్యి గాల్లోనే ఆగింది. నేను వెళ్ళి ఆ పుస్తకాన్ని రొట్టె పొడితో సహా మూసి, పెట్టెలో పెట్టాను.