పడవెక్కని పురుడు

అరవైల మొదట్లో నన్ను జువ్వలదిన్నె వైపు హెల్త్ ఇన్‌స్పెక్టరుగా వేశారు. మెడికల్ ఆఫీసరు గారి కింద టీకాలు వేయించడం, బావుల్లో మందు కలిపించడం నా పని. దానికి తోడు ప్రాంతీయ ఆరోగ్య మండలి సమావేశాల్లో కూర్చోవడం కూడా నాకే తగిలించారు.

మండలి సర్కారుది కాదు. చుట్టుపక్కల ఊళ్ల పెద్దలు తమంతట తాము పెట్టుకున్నది. జీతం లేదు, అధికారం లేదు. కాన్పులు చేసే నర్సు ఉండే సబ్‌సెంటరు ఎక్కడ పెట్టాలో వాళ్లు సిఫారసు చేస్తారు, పంచాయతీ సమితి తీర్మానిస్తుంది. పైసా రాని పనికి ఇంతమంది ఎందుకు ఎగబడుతున్నారా అని నాకు మొదటినుంచీ అనుమానమే. అధ్యక్షులు ఖాదర్ సాహెబు గారు బట్టల వ్యాపారి. అనుకున్న స్థలం కాలవ పడమటి గట్టున, సరిగ్గా ఆయన కొట్టు ఎదురుగా ఉంది. అనుమానం రాకేం చేస్తుంది?

తూర్పు గట్టున జాలర్ల పాళెం. ఆస్పత్రి కావాలా అని కబురు పెడితే వద్దన్నారు. వాళ్లకు వైద్యం మీద నమ్మకం లేదని రాసి పంపేద్దామన్నారు సభ్యులు. అలా రాస్తే ఆ పాళేనికి ఇక నర్సు రాదు. టీకాలకు వరసలో నిలబడ్డ మనుషులు కాన్పుకు వద్దనడం నాకు మింగుడుపడలేదు. ఖాదర్ గారు సంతకం ఆపి, వెళ్లి అడుగుదామన్నారు. అది కూడా నాటకమే అనుకుంటూ ఆయన వెంట కాలవ దాటే పడవెక్కాను.

పాళెంలో మమ్మల్ని ఎవరూ కూర్చోమనలేదు. జాలర్ల కులపెద్ద, వాళ్ల మాటలో పెద్దకాపు, వల బాగుచేసుకుంటూ, మా వెనక ఇంకా ఎవరైనా వస్తున్నారేమోనని కాలవ వైపే చూస్తున్నాడు. అతని కోడలు పోలమ్మకు అప్పుడు అయిదో నెల. తొలికాన్పులో బిడ్డ దక్కలేదట. ఎందుకు వద్దన్నారని ఖాదర్ గారు ఆమెనే అడిగారు.

"నర్సమ్మ వద్దని ఎవురన్నారు సాయిబు గారా? నొప్పులొచ్చిన మనిషిని మావోళ్లు పడవెక్కించరు. పడవకి మైలంట. ఆ గట్టున ఆస్పత్రి కడితే నేనెట్ట పొయ్యేది?"

పెద్దకాపు వల పక్కన పెట్టాడు. "నర్సమ్మ పడవెక్కొచ్చు గదా. ఈ గట్టున పెట్టండి."

ఆస్పత్రి కావాలా అని మేము అడిగితే, పడవెక్కుతారా అని వాళ్లకు వినిపించిందన్నమాట. సిఫారసు మారింది. పాళెంలోనే ఒక గదిలో సబ్‌సెంటరు మొదలైంది. పోలమ్మ అక్కడే ఆడపిల్లను కన్నది. తల్లీబిడ్డా క్షేమమని విన్నప్పుడు నాకు నిజంగా సంతోషం కలిగింది.

కొన్నాళ్లకు ఆ గది పక్కనే ఖాదర్ గారు వలనూలు కొట్టు తెరిచారు. ముందే అనుకున్నారో లేదో నాకు ఇప్పటికీ తెలియదు. మండలి పెద్దల ఉద్దేశాలను ఆ తర్వాత కూడా నేను అనుమానిస్తూనే ఉన్నాను. స్థలం ఖాయం చేసేముందు మాత్రం, నొప్పులొచ్చే మనిషి ఏ గట్టున ఉంటుందని ప్రతి సమావేశంలోనూ అడిగేవాణ్ణి.