ట్రాన్స్‌ఫర్ నాకొక్కదానికే

తెలంగాణ ఉద్యమానికి మా ఇంట్లో భయపడింది నాన్న, అమ్మ, అన్నయ్య. ఊరు వదిలి వెళ్ళాల్సి వచ్చింది మాత్రం నేను. ఇన్నేళ్ళయినా ఈ సంగతి నాకు మింగుడుపడలేదు.

మాది తార్నాకలో రెండో అంతస్తు ఫ్లాటు. నాన్న బ్యాంకు ఉద్యోగం మీద పెళ్ళికి ముందే హైదరాబాదు వచ్చాడు. అన్నయ్యా నేనూ ఇక్కడే పుట్టాం, ఇక్కడే బడికెళ్ళాం. అయినా ఎవరైనా మీదెక్కడండీ అని అడిగితే నాన్న ఆలోచించే పని లేకుండా "మాది తెనాలి దగ్గరండీ" అనేవాడు. ఆయన దృష్టిలో తార్నాక పాలు పోయించుకునే చోటు, కరెంటు బిల్లు కట్టే చోటు. ఊరు అంటే మాత్రం ఏడాదికోసారి వెళ్ళి దోమల్ని తిట్టుకుంటూ తిరిగొచ్చేది.

నేను బి.ఏ. చదివిన కాలేజీ విద్యానగర్లో ఉండేది. తార్నాక గేటు దగ్గర యూనివర్సిటీ క్యాంపస్‌లోకి దిగి, చెట్ల కింద నడుచుకుంటూ అవతల తేలితే విద్యానగర్. బస్సులున్నా నేను ఎక్కేదాన్ని కాదు. దారిలో ఆ పెద్ద రాతి భవనం ఉంది కదా, దాని మెట్ల ముందు రోజూ కాసేపు ఆగేదాన్ని. డిగ్రీ అయ్యాక ఎకనామిక్స్ ఎం.ఏ. అందులోనే చదవాలి. ఇంజనీరింగ్ చదవనని ఇంట్లో అంత యుద్ధం చేసింది దాని కోసమే. ఆ వయసులో నాకున్న కోరికల్లో గట్టిది అదొక్కటే, మిగతావన్నీ చెప్పులూ చుడీదార్లూ.

నాతో పాటు నడిచే స్నేహితురాలొకతె ఉండేది. జనగామ వైపు పిల్ల, వాళ్ళ నాన్న పత్తి వేస్తాడు. మెట్టుగూడ రైల్వే క్వార్టర్లలో మేనమామ ఇంట్లో ఉండి చదువుకునేది. నాకంటే తెలివైంది, నాకంటే నోరు పెద్దది. ఆమెకీ ఆ రాతి భవనం మీదే కన్ను. "నువ్వు ఫస్టొస్తె నేను సెకండొస్త, ఫికర్ జెయ్యకు" అనేది. మార్కులు మాత్రం ఎప్పుడూ దానికి తలకిందులుగా వచ్చేవి.

క్యాంపస్‌లో అప్పుడు రోజూ ఏదో ఒకటి. ఊరేగింపులు, లాఠీలు, గాలి తిరిగితే మా బాల్కనీ దాకా వచ్చే బాష్పవాయువు. నేను ఆ మధ్యలోంచే కాలేజీకి వెళ్ళొచ్చేదాన్ని. నా మాట వింటేనే నేనెక్కడి మనుషుల పిల్లనో తెలిసిపోతుంది. అయినా ఒక్కరు ఒక్క మాట అనలేదు. ఈ వాక్యం నేను చాలామందికి చెప్పాను. నమ్మినవాళ్ళు తక్కువ.

రెండో ఏడు మొదలైన కొత్తల్లో వంటావార్పు అని పిలుపొచ్చింది. రోడ్ల మీద పొయ్యిలు పెట్టి అక్కడే వండుకుని, అక్కడే వరసగా కూర్చుని తినడం, అదీ నిరసన. తార్నాక చౌరస్తాలో ఇటుకల పొయ్యిలు వెలిగాయి. నేను పెరుగు ప్యాకెట్ కోసం కిందికి దిగాను. స్నేహితురాలు కనిపించి చెయ్యి పట్టుకుని లాగింది.

"ఇంటికి పోయి ఏం జేస్తవే, గీడనే తిందువు రా."

వాళ్ళ అత్త, ఆ మేనమామ భార్య, ఒక గోనెపట్టా మీద కూర్చుని కూరగాయలు తరుగుతోంది. నన్ను చూసి జరిగి చోటిచ్చింది. "ఉత్తగ కూసునుడెందుకు బిడ్డా, గీ ఉల్లిగడ్డలు కోయి" అని కత్తిపీట నా వైపు నెట్టింది. కోశాను. ఇంట్లో అమ్మ చెబితే విసుక్కునే పని అక్కడ ఇష్టంగా చేశాను. కొత్త ఉల్లిగడ్డలు, ఘాటు మామూలుగా లేదు. కళ్ళూ ముక్కూ ఏకమై కారుతుంటే చున్నీతో తుడుచుకుంటున్నాను. ఆ సమయానికే ఒక టీవీ కెమెరా అటు తిరిగింది. నేను గమనించలేదు. పప్పుచారు, వంకాయ కూర, వేడి వేడి అన్నం. తారు రోడ్డు మీద విస్తరేసుకుని తిన్న ఆ భోజనం రుచి ఇప్పటికీ గుర్తుంది.

ఇంటికొచ్చేసరికి ఫోన్ మోగుతోంది. పెదనాన్న, గుంటూరు నుంచి. మా వంశంలో ఎవరు ఏ చొక్కా వేసుకోవాలో కూడా ఆయనే చెబుతాడు. నాన్న స్పీకర్ నొక్కాడు.

"ఒరేయ్, మీ అమ్మాయి టీవీలో ఉందిరా! నడిరోడ్డు మీద కూర్చుని తెలంగాణ కోసం ఏడుస్తోంది!"

నిజమే, టీవీ తిప్పితే నేనే. పక్కనున్న బుట్టెడు ఉల్లిపాయలు ఫ్రేములో లేవు. నా మొహం మాత్రం ఉంది, ఎర్రటి కళ్ళతో. ప్రత్యేక రాష్ట్రం కోసం కన్నీరు పెడుతున్న విద్యార్థిని అని ఎవరో గొంతు వణికిస్తూ చెబుతున్నారు.

"ఉల్లిపాయలు కోశాను" అన్నాను.

"కోసింది ఉల్లిపాయలు కాదు, మా పరువు" అంది అమ్మ. "రోడ్డు మీద కూర్చుని తినడానికి ఇంట్లో తిండి లేదా?"

ఆ రాత్రికే తేల్చేశారు. పెదనాన్నకు తెలిసిన కాలేజీ ఉంది, ఆయన ఇంట్లోనే ఉండొచ్చు, ఇక్కడ పరిస్థితి బాగోలేదు, ఆడపిల్ల, రేపేదైనా అయితే. ఒక్కొక్కరూ ఒక్కో మాట వేశారు. నా మాట ఎవరూ అడగలేదు.

"నన్నెవరైనా ఏమైనా అన్నారా?" అని అడిగాను.

"అనేదాకా ఆగాలా?" అన్నాడు నాన్న.

మరి అన్నయ్య? వాడికి కాలేజీలో కంపెనీల ఇంటర్వ్యూలున్నాయట, కదిలించకూడదు. నాన్నకు ప్రమోషన్ దగ్గర్లో ఉందట. ఫ్లాటు అమ్ముదామంటే ధరలు పడిపోయాయట, ఆగితే మంచిదట. ప్రమాదం ఇంటిల్లిపాదికీ ఉంది, కానీ పంపించడానికి వీలుగా దొరికింది నేను. ఫ్లాటు మీద పెట్టినపాటి ఆలోచన నా మీద పెట్టలేదు. ఈ మాట అప్పుడే అనుంటే బాగుండేది. అప్పుడు వచ్చింది ఏడుపే. ఈసారి ఉల్లిపాయలు లేకుండా.

మర్నాడు క్యాంపస్ దారిలో స్నేహితురాలికి చెప్పాను. ఆమె నడక ఆపేసింది.

"ఏందే, మేమేమన్న అన్నమా?"

"లేదు."

"మా అత్త ఏమన్న అన్నదా?"

"లేదే."

"మరేందే!"

ఎవరో అన్నారని చెప్పగలిగితే ఆ పిల్లకు కోపం వచ్చి ఊరుకునేది. ఎవరూ ఏమీ అనకుండానే వెళ్ళిపోతున్నానంటే అది ఇంకా పెద్ద అవమానం. ఆ అవమానం మోసుకెళ్ళి ఆమెకిచ్చే పని కూడా నా మీదే పడింది.

టీసీ అంత తేలిగ్గా రాలేదు. ఒకరోజు బంద్, ఇంకోరోజు రాస్తారోకో, తర్వాత సమ్మె. నాన్న సెలవు పెట్టుకుని వచ్చిన ప్రతిసారీ కాలేజీ ఆఫీసుకు తాళం. ఆయన తిట్టుకునేవాడు. నేను లోపల్లోపల దండం పెట్టుకునేదాన్ని, రేపు కూడా బంద్ ఉండేట్టు చూడు స్వామీ అని. రాష్ట్రం కోసం బంద్ పాటించినవాళ్ళు లక్షల్లో ఉంటారు. టీసీ రాకుండా ఉండాలని బంద్ కోరుకున్నది బహుశా నేనొక్కదాన్నే.

చివరికి ఆఫీసులో ఉన్న ఒకాయన, "సంతకం బెట్టే సారు దీక్షల కూసున్నడు. గాడికే పోయి పెట్టించుకోండ్రి" అన్నాడు.

దీక్షా శిబిరం క్యాంపస్‌లో రోడ్డు పక్కన వేసిన టెంటు. ఏ మనుషులకు భయపడి నన్ను పంపించేస్తున్నాడో ఆ మనుషుల మధ్యకు నాన్న నా టీసీ కాగితాలు పట్టుకుని నడిచాడు. చొక్కా వీపంతా తడిసిపోయింది. వాళ్ళు కుర్చీ వేశారు. నీళ్ళిచ్చారు. మెడలో గులాబీ కండువా ఉన్న సారు కాగితాలు మోకాలి మీద పెట్టుకుని చదివి, కళ్ళజోడు పైనుంచి నన్ను చూశాడు.

"మంచిగ సదివే పిల్ల గద సార్, ఎందుకు తీస్కపోతున్నరు? మావోళ్ళు ఎవరన్న ఏమన్న అంటే చెప్పుండ్రి, నేను మాట్లాడ్త."

"అబ్బే, అదేం లేదండీ. నాకు ట్రాన్స్‌ఫర్ అయింది" అన్నాడు నాన్న.

సారు సంతకం పెట్టి, "మంచిగ సదువుకో బిడ్డా" అన్నాడు. నాన్న ఆయనకు రెండు చేతులూ ఎత్తి దండం పెట్టాడు. నాకు నాన్న మీద అంతకు ముందు ఎప్పుడూ రానంత కోపం వచ్చింది. భయపడినందుకు కాదు. అంత మర్యాద కళ్ళారా చూసి కూడా ఆ కాగితం చించెయ్యనందుకు.

గుంటూరు గురించి చెప్పడానికి పెద్దగా లేదు. పెదనాన్న ఇంటికి చుట్టాలొస్తే నన్ను పిలిచి చూపించేవారు, హైదరాబాదు నుంచి బయటపడ్డ పిల్ల అని. "అక్కడ రోడ్ల మీదే కొడతారటగా అమ్మాయ్?" అనేవారు. నన్నెవరూ కొట్టలేదండీ అంటే, పాపం ఇంకా భయం పోలేదు అని జాలిపడేవారు. కాలేజీలో లెక్చరర్లు నోట్సు చెప్పేవారు, మేం రాసుకునేవాళ్ళం. అక్కడి సిలబస్ వేరు గనక మొదటి ఏడాది పేపర్లు కొన్ని మళ్ళీ రాయమన్నారు. రాశాను. చదవడం తప్ప ఇంకో పని లేదు కాబట్టి మార్కులు బాగానే వచ్చాయి.

స్నేహితురాలు మొదట్లో ఫోన్ చేసేది. "నీ జాగల ఎవ్వర్ని కూసోనిస్తలేను" అనేది. ఒకసారి ఫోన్ పైకెత్తి పట్టుకుని క్యాంపస్‌లో డప్పుల మోత వినిపించింది. తర్వాత తర్వాత తగ్గించింది. నేనూ తగ్గించాను. ఇద్దరికీ చెప్పుకునేందుకు ఒకే విషయం ఉండేది, నేనెందుకు వచ్చేశానన్నది. దాన్ని ఇద్దరం తప్పించుకునేవాళ్ళం.

ఈ లోగా తార్నాకలో మా వాళ్ళకు ఏమైంది? ఏమీ కాలేదు. అన్నయ్యకు ఉద్యోగం వచ్చింది. నాన్నకు ప్రమోషన్ వచ్చింది. బాల్కనీకి కొత్త గ్రిల్ పెట్టించారు. కింద ఇస్త్రీ ఆయన నాన్నను చూసినప్పుడల్లా "బిడ్డ ఎప్పుడొస్తది సార్?" అని అడిగేవాడట.

డిగ్రీ పూర్తి చేసి నేను తిరిగొచ్చేసరికి రాష్ట్రం ఇస్తున్నామన్న ప్రకటన కూడా అయిపోయింది. ఎం.ఏ. ప్రవేశ పరీక్ష రాశాను. ర్యాంకు మంచిదే వచ్చింది. కౌన్సెలింగ్ క్యాంపస్‌లోనే. తార్నాక గేటు దగ్గర దిగి, పాత దారిలోనే, నాన్నా నేనూ నడిచి వెళ్ళాం. హాల్లో స్నేహితురాలు కనిపించింది. కొద్దిగా లావైంది. దూరం నుంచే చెయ్యి ఊపింది, నేనూ ఊపాను. ర్యాంకుల్లో ఆమె నా వెనక ఉంది. ఒక్కసారి తన మాట నిజమైంది.

సర్టిఫికెట్లు చూసే మనిషి నావి తిరగేసి, జాబితాలో నా పేరు పక్కన ఒక గీత గీశాడు.

"నాన్‌లోకల్."

మాకు అర్థం కాలేదు. ఆయన ఓపిగ్గానే చెప్పాడు. డిగ్రీ ఎటు వైపు యూనివర్సిటీలో పూర్తి చేస్తే అటు లోకల్. ఇక్కడ సీట్లలో ముప్పాతిక పైగా ఇక్కడి లోకల్ వాళ్ళకు. మిగిలిన కాసిని సీట్లకు అందరూ పోటీ. ఆ కాసిని నా ర్యాంకు దాకా రావు.

అప్పుడు నాన్న కౌంటరు మీదికి వంగాడు.

"ఏంటండీ అన్యాయం? మా అమ్మాయి తార్నాకలో పుట్టింది. బడి ఇక్కడే, ఇంటర్ ఇక్కడే. మేం ఇక్కడివాళ్ళమే సార్!"

మేం ఇక్కడివాళ్ళమే. ఆ మాట నాన్న నోట వినడం నాకదే మొదటిసారి. తెనాలి ఏమైందో తెలియదు. పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచీ ఆ మాట కోసమే చూసినట్టున్నాను, తీరా వచ్చేసరికి దానితో చెయ్యగలిగింది ఏమీ లేదు.

"ఈడోళ్ళే అయితే మరి మధ్యల తీస్కపోయి గాడ ఎందుకు సదివిచ్చిండ్రు సార్?" అన్నాడాయన. వెటకారం లేదు. నిజంగానే తెలుసుకోవాలని అడిగాడు.

నాన్న నా వైపు చూశాడు. ట్రాన్స్‌ఫర్ అయిందని మళ్ళీ చెప్పేలోపే నేనందుకున్నాను.

"ఉల్లిపాయలు కోశానని సార్" అన్నాను.

ఆయన పెన్ను ఆపి నన్ను చూశాడు, నాన్నను చూశాడు. వెనక వరస పెద్దదిగా ఉంది. సర్టిఫికెట్లు సర్ది నా చేతిలో పెట్టి తర్వాతి నంబరు పిలిచాడు.

తిరిగొచ్చేటప్పుడు రాతి భవనం ముందు నేను ఆగలేదు. నాన్న ఆగాడు. నేను రావడం లేదని చూసి ఆయనే గబగబా నడిచి నన్ను కలుసుకున్నాడు.

తలుపు తీస్తూనే అమ్మ సీటొచ్చిందా అని అడిగింది. నాన్న వంగి చెప్పులు విప్పుకుంటూ, తలెత్తకుండా అన్నాడు.

"లేదు. లోకల్ వాళ్ళకేనట."