ఎక్స్‌పెన్సివ్‌కు నేను చెప్పిన అర్థం

చిక్కడపల్లిలో ఒకమ్మాయికి ఇంగ్లీషు నేర్పి గవర్నమెంటు పరీక్ష గట్టెక్కించానని కాకినాడలో చాలామందికి చెప్పాను. నేర్పింది ఒక్క మాట. మిగతాదంతా నా కోత.

రాష్ట్రం ఇంకా ఒక్కటిగా ఉన్న రోజులు. ఓ మే నెలలో చిక్కడపల్లిలోని మా చెల్లెలింటికి వెళ్లి, ఎండ భరించలేక అక్కడి గ్రంథాలయంలో పేపరు చదువుతూ కూర్చునేవాణ్ణి. నెరిసిన జుట్టు కనబడితే చాలు, రిటైరైన మాస్టారనుకుని అక్కడి పిల్లలు సందేహాలు అడుగుతారు. నేను పోస్టాఫీసు గుమాస్తాని. ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు.

మహబూబ్‌నగర్ నుంచి వచ్చి అశోక్‌నగర్ హాస్టల్లో ఉంటున్న ఒకమ్మాయి పాత ప్రశ్నపత్రం పట్టుకొచ్చింది.

"సార్, జర చూడుండ్రి. ఎక్స్‌పెన్సివ్ అంటే పిరం కదా. సమానార్థం ఎగ్జార్బిటెంట్ అని పెట్టిన. కరెక్టేనా? ఆదివారమే పరీక్ష. వయసు దాటిపోతున్నది, నాకిదే ఆఖరు."

ఎగ్జార్బిటెంట్ అన్న మాట నేనెప్పుడూ వినలేదు. తెలియదంటే మాస్టారి గౌరవం పోతుంది. "కాదమ్మా, ఫ్రూగల్," అన్నాను గంభీరంగా. ఆమె తన జవాబు కొట్టేసి నాది రాసుకుంది.

సోమవారం గ్రంథాలయం మెట్ల మీద కనబడింది. "ఏమ్మా, మన మాట వచ్చిందా?" అన్నాను హుషారుగా.

"వచ్చింది సార్. మీరు చెప్పిందే పెట్టిన. ఫ్రూగల్ అంటే పొదుపుగ ఉండుడట, నేను ముందుగాల పెట్టిందే కరెక్టట. గా ఒక్క మార్కుకాడ నన్ను ఎంతమంది దాటిపోతరో."

"పోనీలే తల్లీ, ఒక కొత్త మాటైనా నేర్పాను కదా," అన్నాను నవ్వబోయి.

"మీరు నేర్పలే సార్. నాకొచ్చినదాన్ని కొట్టేయించిండ్రు."